మిరప టిక్కీలో దాచిన కోట

రండి, కూర్చోండి. టీ వస్తుంది, ఈలోగా ఇది వినండి. పోయిన శనివారం అద్దంకిలో మా అక్కయ్య ఇంట్లో ఒక గదినిండా మనుషుల్ని ఏడిపించాను. మాటవరసకి కాదండీ, నిజంగానే! కళ్లల్లోంచి నీళ్లు, ముక్కుల్లోంచి నీళ్లు. మా భజన మండలి మొత్తం కండువాలు మొహాలకి చుట్టుకుని వీధిలోకి పరుగో పరుగు. ఇంతకీ దీనికంతటికీ కారణం ఏంటనుకున్నారు? ఓ ప్లాస్టిక్ కోట. పిల్లలాడుకునే కోట! దాన్ని మోసుకెళ్లిన పెద్దమనిషిని నేను. అయినా సరే, ఆ సాయంత్రం గుర్తొస్తే చేతులు వాటంతటవే జోడించుకుంటున్నాయి. అదెందుకో చెప్పాలంటే ముందు మా అక్కయ్య సంగతి చెప్పాలి.

మా రాజ్యం అక్కయ్య నాకంటే ఆరేళ్లు పెద్ద. మొన్న కార్తీకంలో, పొద్దున్నే తులసికోట దగ్గర దీపం పెడుతూ పెడుతూ పక్కకి ఒరిగిపోయింది. పక్షవాతం. బావ వెంటనే కారెక్కించి గుంటూరు తీసుకెళ్లాడు కాబట్టి మనిషి దక్కింది. స్వామి దయ. మాట వచ్చేసింది, కాలూ వచ్చేసింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. మోచెయ్యి లేస్తుంది, వేళ్లు కాస్త కదుల్తాయి, కానీ బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఏదైనా పట్టుకోమంటే పట్టుకోవు.

రోజూ సాయంత్రం శ్రావణి అని ఓ ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికొచ్చి ఎక్సర్‌సైజులు చేయిస్తుంది. బంగారం లాంటి పిల్ల. ఓ రోజు నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది.

"సార్, ఆ చేతిలో ఇంకా బలం ఉంది. అమ్మగారు వాడటంలేదు, అదే ప్రాబ్లం. చిన్న చిన్న వస్తువులు పట్టుకోవాలి, తగిలించాలి, ఊడదియ్యాలి. ఈ కొన్ని నెలలూ వదిలేస్తే తర్వాత చాలా కష్టం."

మరి అక్కయ్య ఏదీ చెయ్యదే! పిసకమని ఓ రబ్బరుముద్ద ఇస్తే కిటికీలోంచి బయటికి విసిరేసింది, అదీ ఎడంచేత్తో. "ఈ జిగురుముద్ద పిసుక్కుంటూ కూర్చోడానికా నేను బతికింది?" అంది. గిన్నెలో శనగలు పోసి ఒక్కొక్కటీ తియ్యమంటే, "వండుకు తినండి" అంది. ఎవరైనా ఇంటికొస్తే కుడిచెయ్యి కొంగు కింద దాచేస్తుంది. అన్నిటికంటే నన్ను కోసేసిందేంటంటే, పూజగదిలోకి వెళ్లడం మానేసింది. గడప ఇవతల కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. బావ లోపల వత్తులెక్కడున్నాయో తెలీక డబ్బాలన్నీ మూతలు తీసి చూస్తుంటాడు.

"నువ్వే పెట్టొచ్చుగా అక్కయ్యా, ఎడంచేత్తోనైనా" అన్నానోసారి.

"ఎడంచేత్తో స్వామికి పువ్వు పెట్టమంటావేంట్రా శీనూ?" అంది. అని మొహం అటు తిప్పుకుంది.

అదీ పరిస్థితి. ఇలా ఉండగా, మా ఊళ్లో మా ఇంటి అటక మీద పానకం కలిపే గంగాళం కోసం వెతుకుతుంటే ఓ టిక్కీ తగిలింది. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి యార్డుకి తోలే గోతం, మీకు చెప్పేదేముంది. కదిలిస్తే లోపల గలగలమంది. మూతి విప్పి చెయ్యి పెట్టానో లేదో, నా చేతికి ఓ గుర్రం వచ్చింది!

నిలువునా పులకరించిపోయాననుకోండి. మేం చిన్నప్పుడు మా మేనమామ ఓడలో పనిచేసేవాడు. ఏ దేశం రేవులోనో కొని పట్టుకొచ్చాడు ఆ బ్రిక్స్ సెట్టు, నేను మూడో తరగతిలో ఉండగా. వెనకటి విదేశీ రాజుల కోట అది. బూడిదరంగు గోడలు, నల్ల బురుజులు, దారం లాగితే పైకి లేచే వంతెన, జెండాలు, చీపురుపుల్లంత సన్నటి బల్లేలు. ఇనపటోపీల సైనికులు, ఆ టోపీకి ముందు ఓ మూత, కిటికీ రెక్కలాగా తెరుచుకునేది. అప్పట్లో మా చుట్టుపక్కల ఊళ్లల్లో అలాంటిది ఒక్కరింట్లో ఉంటే ఒట్టు. ఇప్పుడా పాత సెట్ల కోసం పెద్ద పెద్దవాళ్లే ఫోన్లలో వెతుక్కుంటున్నారట!

మేం మాత్రం దానికి కొండవీటి కోట అని పేరు పెట్టుకున్నాం. కట్టేది అక్కయ్య. రాయి అందించేది నేను. అక్కయ్య వేళ్లు ఎలా నడిచేవంటే, సెట్టుతో పాటొచ్చిన బొమ్మల పుస్తకంలో పేజీ తిప్పేలోపు గోడ లేచేది. నీలం ఈక టోపీ ఉన్న సైనికుణ్ణి హనుమంతుడు చేసేశాం. తోక లేదుగా మరి! అక్కయ్య ఎర్రదారం పేని, ఆ వేలెడంత బొమ్మ నడుముకి ముడేసింది. అటక మీద ఆ బొమ్మ కూడా దొరికింది. ఇన్నేళ్లయినా ఆ ముడి వదల్లేదు.

అటక మీదే కూలబడి ఏడ్చేశాను. తగిలించాలి, ఊడదియ్యాలి అందిగా శ్రావణి? స్వామి ఇంకెంత విడమరిచి చెప్తాడండీ!

ఇక్కడే మీరో సంగతి గమనించాలి. ఆ సెట్టు అసలుండాల్సింది దాని అట్టపెట్టెలో. రెండేళ్ల కిందట ఆ పెట్టెని చెదలు తినేస్తే, చేతికందిన ఖాళీ టిక్కీలో బ్రిక్స్ అన్నీ గుమ్మరించి మూతి కట్టి, ఆ సంగతే మర్చిపోయింది సాక్షాత్తూ నేనే. మన ముక్కులకి మిరప ఘాటు ఒక వాసన కాదు కదా, గాలిలో భాగం. అది టిక్కీ అన్నది కనపడింది గానీ, అందులో అంతకుముందు ఏముండేదన్నది బుర్రకెక్కలేదు.

బావకి ఫోన్ చేశాను. "శనివారం సాయంత్రం మీ ఇంట్లో కార్యక్రమం."

"ఏం కార్యక్రమం?"

"కోటకి శంకుస్థాపన. అక్కయ్య చేత బ్రిక్స్ పెట్టిద్దాం. భజన మండలిని కూడా రమ్మంటున్నా."

"మీ అక్క చేతికి ఎక్సర్‌సైజు చేయించడానికి హార్మోనియం ఎందుకయ్యా?" అన్నాడు బావ. ఆయనకేం తెలుసు! నలుగురు ఎదురుగా కూర్చోకపోతే నాకు నోరు పెగలదు. పదిమంది తాళం వేస్తుంటే అక్కయ్యకి ఉత్సాహం వస్తుందని నా లెక్క.

శనివారం మధ్యాహ్నం టిక్కీ భుజాన వేసుకుని గడప దాటబోతున్నా. మా ఆవిడ పద్మ గట్టిగా తుమ్మింది. ఒంటి తుమ్ము! ప్రయాణానికి అదేం శకునమండీ? వెనక్కొచ్చి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ లేచాను. టిక్కీ ఎత్తగానే మళ్లీ తుమ్మింది.

"ఏమే, కావాలని తుమ్ముతున్నావా?"

"కావాలని తుమ్మడానికి నాకేం సరదా అండీ? ఆ గోతం ఏదో తేడాగా ఉంది. ఓసారి పెరట్లో దులపండి."

"బయల్దేరేటప్పుడు దులుపుతారటే ఎవరైనా! అశుభం" అన్నాను. అనేసి, ఈసారి పెరటి గుమ్మంలోంచి వెళ్లాను, శకునానికి అందకుండా.

బండి మీద ముందు పెట్టుకుని పోతున్నా. టీకొట్టు దగ్గర ఆగితే టీ పోసేవాడు తుమ్మాడు. రెండుసార్లు. రెండు తుమ్ములు శుభం కదా, సంతోషపడ్డాను! అద్దంకిలో ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగి, టిక్కీ మండపంలో పెట్టి దణ్ణం పెట్టుకుంటుంటే, తీర్థం ఇవ్వబోయిన పూజారిగారు ఉద్ధరిణె పట్టుకుని వరసగా తుమ్ముతూనే ఉన్నారు. "పాపం, పెద్దాయనకి జలుబు చేసినట్టుంది" అనుకుని, త్వరగా నయం కావాలని ఆయన పేరున కూడా ఓ ప్రదక్షిణ చేశాను. ఆ స్వామి అన్ని రకాలుగా చెప్పి చూశాడండీ. వినే బుర్ర ఉండాలిగా!

అక్కయ్య ఇంటికి చేరేసరికి మండలి వాళ్లందరూ హాల్లో చాపల మీద కూర్చునున్నారు. హార్మోనియం కోటేశ్వరరావు శ్రుతి చూసుకుంటున్నాడు. శ్రావణి కూడా వచ్చేసింది. అక్కయ్య కుర్చీలో, చెయ్యి కొంగు కింద. నన్ను చూడగానే అంది:

"ఏరా, నా చెయ్యి చూపించడానికి ఊళ్లో టముకు వేయించావా?"

"అలా కాదక్కయ్యా, ముందు చూడు!"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కిటికీలన్నీ మూసున్నాయి, ఎండ ఇంకా తగ్గలేదుగా. చీకటి చీకటిగా ఉంది, ఉక్కపోత. ఎవరో లేచి ఫ్యాన్ రెగ్యులేటర్ చివరిదాకా తిప్పి, "కరెంటొస్తే అదే తిరుగుద్ది" అని కూర్చున్నారు. ఆ పుణ్యాత్ముడెవరో ఇప్పటిదాకా ఒప్పుకోలేదు.

నేను హారతి వెలిగించి, నిలబడి, గొంతు సవరించుకున్నాను. జనం ఎదురుగా ఉన్నారు, ఇంకేం! సేతుబంధనంతో మొదలుపెట్టాను. వానరులు ఒక్కో రాయీ ఎలా మోశారు, ఒక్కో రాయీ ఎలా నిలిచింది, అలాగే మా అక్కయ్య వేలు ఒక్కో బ్రిక్కూ...

"ఒరేయ్ శీనూ" అంది అక్కయ్య. "అక్కడ సేతువు అయిదురోజుల్లో అయిపోయింది. నీ ఉపన్యాసం అంతకంటే ఎక్కువ పట్టేట్టుంది. ఆ మూట విప్పు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేలమీద తెల్ల దుప్పటి పరిచి, టిక్కీ మూతి విప్పి, "జై శ్రీరామ్!" అంటూ అడుగు పట్టుకుని ఎత్తేశాను.

గలగలా జారింది కోట. గోడలు, బురుజులు, గుర్రాలు, బల్లేలు. అక్కయ్య కుర్చీలో ముందుకి వంగింది. "అయ్యో, కొండవీడురా!" అంది. ఆ గొంతు విని ఎన్ని నెలలైందో! నేను వెతికి హనుమంతుణ్ణి తీశాను. హారతి వెలుతురులో చూద్దును కదా, బొమ్మ టోపీ నిండా, భుజాల నిండా ఎర్రటి పొడి!

"సింధూరం అక్కయ్యా!" అని అరిచాను. "చిన్నప్పుడు మనం పూసిన సింధూరం! ఇన్నేళ్లు చెక్కుచెదర్లేదు!"

ఏం చెయ్యమంటారు, నాకు భక్తి పొంగుకొచ్చింది. వేలితో తీసి బొట్టు పెట్టుకున్నాను. రెండు చేతులకీ అద్దుకుని, కళ్లకద్దుకున్నాను. అంతటితో ఆగానా? దుప్పటి మీద ఇంకా బోలెడుంది కదా, మండలిలో అందరికీ తలా చిటికెడు పంచాను. వాళ్లూ నాలాంటి వాళ్లే కదా, మారుమాట లేకుండా కళ్లకద్దుకున్నారు. కోటేశ్వరరావైతే నాలిక మీద కూడా వేసుకున్నాడు.

ముందుగా వాడే అన్నాడు, మెల్లగా. "శీనూ, ఇది... కారంగా ఉందేంటి?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మిరప పండిస్తున్న మనిషినండీ నేను! రంగు చూసి రకం చెప్పగలను, తొడిమ చూసి తేమ చెప్పగలను. అలాంటి నాకు, వాడా మాట అన్నాక కూడా అర్థం కావడానికి కొంత టైము పట్టింది. అర్థమయ్యేలోపే నా కళ్లల్లో మంట మొదలైంది. నోరు తెరిచి "ఎవరూ కదలకండి" అనబోయాను.

కరెంటొచ్చింది.

ఫ్యాను తిరిగింది. చివరిదాకా తిప్పి పెట్టారని చెప్పానుగా! దుప్పటి మీదున్నదంతా ఒక్కసారి లేచింది. ప్రతి బ్రిక్కుకీ అడుగున బోలు ఉంటుంది చూడండి, రెండేళ్లుగా వాటిల్లో దూరి కూర్చున్న పొడంతా బయటికొచ్చేసింది. అచ్చం మన కారం మిల్లులో బెల్టు తెగినట్టే. ఒకరు తుమ్ముతున్నారు, ఒకరు దగ్గుతున్నారు, ఒకరు "గోవిందా" అంటున్నారు. కళ్లు నలుపుకోవద్దని శ్రావణి అరుస్తోంది, అరుస్తూ తను నలుపుకుంటోంది. హార్మోనియం మీద ఎవరో పడ్డారు, అది ఒకటే మోత.

నేనూ బావా కలిసి అక్కయ్యని పట్టుకుని వరండాలోకి తెచ్చాం. వెనకాల మండలి అంతా వీధిలోకి. అప్పుడు పక్కింటి రత్తమ్మ పిన్ని గోడ మీంచి తల పెట్టింది.

"ఏం రాజ్యం, దిష్టి తీయించుకున్నావా? ఎన్ని మిరపకాయలు కాల్చారే తల్లీ, మా ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నాం!"

అక్కయ్య దగ్గుతూ ఎడంచెయ్యి ఊపింది, కాదని.

"పోన్లే, ఇంత ఘాటొచ్చిందంటే నీకు దిష్టి లేనట్టే!" అని ధైర్యం చెప్పి, పిన్ని కూడా తుమ్ముకుంటూ లోపలికెళ్లిపోయింది.

శ్రావణి పంపు దగ్గర అందరి కళ్లూ కడిగించింది. బావ తడి తువ్వాళ్లు తెచ్చాడు. నేనేమో ముక్కు మూసుకుని లోపలికెళ్లి, కోటనంతా దుప్పటితో సహా మూటగట్టి తెచ్చి, వరండాలో సబ్బునీళ్ల టబ్బులో పడేశాను. నా వల్ల ఆ పిల్ల చెప్పిన పని కూడా చెడిపోయిందే అని లోపల ఒకటే గింజులాట. అక్కయ్య కోసమని వచ్చి, ఉన్న కాస్త ఉత్సాహాన్నీ చంపేసి పోతున్నానేమో! ఇంక ఆ బ్రిక్కుల వంకే చూడదేమో!

కళ్లు సరిగ్గా కనపడకుండానే వెళ్లి అక్కయ్య పక్కన కూలబడ్డాను. మామూలుగా మేమందరం ఆవిడకి ఎడంవైపే కూర్చుంటాం, ఏదైనా అందివ్వాలంటే ఆ చేతికే కదా ఇవ్వాలి. ఆ పూట ఏ వైపు ఏదో నాకు తెలిస్తేగా! కుడివైపు కూర్చున్నాను. ఆవిడ ఎడంచేత్తో తడి తువ్వాలు కళ్లకి అదుముకుని ఉంది.

"కడిగావా వాటిని?" అంది, తువ్వాలు కిందనుంచి.

"నానుతున్నాయక్కయ్యా."

"ఒక్కటి కూడా పోకూడదు. మావయ్య తెచ్చినవి."

ప్రాణం లేచొచ్చింది నాకు. టబ్బులో చెయ్యి పెట్టి కెలికితే రెండు పలకలు చేతికొచ్చాయి. ఒకదానికొకటి కరుచుకుపోయున్నాయి. గోటితో లాగాను, రాలేదు. సబ్బు జారుడు. ఏం చేశానంటే, చిన్నప్పుడు చేసే పనే, ఆలోచించకుండా నోట్లో పెట్టుకుని పంటితో పట్టి లాగాను. టక్కుమని ఊడింది. ఆ మధ్యలో నీళ్లు చేరని కారమంతా నా నాలిక మీద పడింది.

"అమ్మోయ్!" అని కేకేశాను.

ఆ టక్కుమన్న చప్పుడు అక్కయ్యకి తెలుసు. ఎన్నేళ్లయినా తెలుసు! తువ్వాలు దించకుండానే, "మళ్లీ పళ్లతోనా! గుర్తులు పడతాయని ఎన్నిసార్లు చెప్పాన్రా వెధవా!" అంటూ నా చెవి పట్టుకుని మెలిపెట్టింది.

మెలిపెట్టడమంటే మామూలుగా కాదండీ. నా తల ఆవిడ భుజం మీదకి వచ్చేసింది.

వరండాలో ఉన్నవాళ్లందరూ ఇటు తిరిగారు. దగ్గులు కూడా ఆగాయి. ఎడంచెయ్యి తువ్వాలు పట్టుకునుంది. మరి నా చెవి పట్టుకున్నదేంటి?

"అమ్మగారూ!" అని అరిచింది శ్రావణి. "వదలొద్దు! అలాగే పట్టుకోండి!" తర్వాత నావైపు తిరిగి, "సార్, మీరు కదిలితే ఊరుకోను" అంది.

నేనెక్కడ కదుల్తాను? నాలిక మండుతోంది, కళ్లు మండుతున్నాయి, చెవి ఊడి వచ్చేట్టుంది. లోపల మాత్రం స్వామి నామం తప్ప ఇంకోటి లేదు.

అక్కయ్య తువ్వాలు దించింది. తన వేళ్ల వంక తనే చూసుకుంది, ఎవరివో పరాయివాళ్ల వేళ్లన్నట్టు. బొటనవేలూ చూపుడువేలూ, మధ్యలో నా చెవి.

"నొప్పిగా ఉందేంట్రా?" అంది చిన్నగా.

"లేదక్కయ్యా. ఇంకాస్త తిప్పు."

తిప్పింది! నేను కెవ్వుమన్నాను. అక్కయ్య నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. బావ అప్పటికే ఏడుస్తున్నాడు. ఎందుకేడుస్తున్నారు బావా అంటే, "కారం" అన్నాడు. వీధిలోంచి మండలి వాళ్లు ఒక్కొక్కళ్లే లోపలికొచ్చి, ఎర్రటి కళ్లతో, కారిపోతున్న ముక్కులతో మంగళహారతి ఎత్తుకున్నారు. మా మండలి అంత అపస్వరంగా ఎన్నడూ పాడలేదు. నేను మాత్రం అంత కమ్మటి పాట ఇంకోటి వినలేదు.

కోటకేమైందంటారా? శుభ్రంగా కడిగి, డాబామీద ఆరబెట్టాం. అక్కయ్య రోజూ కాస్త కాస్త కడుతోంది. వేళ్లింకా ఎక్కువసేపు నిలబడవు. ఓ వరస పేర్చేసరికి అలిసిపోతుంది, బ్రిక్కు జారిపోతుంది, చిరాకు పడుతుంది. పడనీండి. ఆ రోజు నుంచీ చెయ్యి కొంగు కింద దాచడం మానేసింది, నాకది చాలు. హనుమంతుడు అటక దిగి రాకపోయుంటే, మా ఆవిడ చెప్పినట్టు నేను టిక్కీ దులిపుంటే, ఏమై ఉండేదో! నా తెలివితక్కువతనానికి కూడా స్వామి ఓ ఉపయోగం చూసిపెట్టాడు. ఎన్ని దణ్ణాలు పెడితే తీరుతుంది?

చిక్కల్లా శ్రావణితోనే వచ్చింది. "కోట కట్టేముందు వేళ్లకి వార్మప్ ఉండాలమ్మా. బ్రిక్కు కంటే మెత్తగా, రబ్బరుముద్ద కంటే గట్టిగా ఉండేది కావాలి" అని చెప్పి, నావైపు చూసింది. అక్కయ్య కూడా చూసింది. పోనీ దాంతోనే సరిపెట్టుకోమందామని, ఆవిడ విసిరేసిన రబ్బరుముద్ద కోసం నేను కిటికీ కింద చెట్లన్నీ గాలించాను కానీ, దొరికితేనా!

ఇందాక అక్కయ్య ఫోన్ చేసింది. అన్నం తిన్నావా అని లేదు, పంట ఎలా ఉందని లేదు. "ఏరా, ఇవాళ చెవులు తెస్తున్నావా లేదా?" అంది.

ఇదిగో, బస్సు టైమైంది. రెండూ తీసుకుని బయల్దేరుతున్నా.